మేక్ కొట్టే ముందు చదవాల్సినవి: సోర్స్ నుంచి గ్రోమాక్స్ ఇన్‌స్టాల్ చేసుకోవడం

బెంగళూరులో ఏదో ఒక ల్యాబ్‌లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో, పీహెచ్‌డీకో చేరారు. గైడ్ గారు "గ్రోమాక్స్ వేసుకో, లైసోజైమ్‌తో మొదలుపెట్టు" అని రెండు ముక్కలు చెప్పి మీటింగ్‌కి వెళ్లిపోయారు. గ్రోమాక్స్ అంటే ప్రొటీన్ల లాంటి అణువుల కదలికల్ని కంప్యూటర్లో లెక్కేసే సాఫ్ట్‌వేర్, లైసోజైమ్ ఒక ప్రొటీన్. మీ దగ్గరున్నది 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, మత్తికెరెలో పీజీ, ఫ్లోర్ మొత్తం పంచుకునే వైఫై. ఈ వ్యాసం మీకోసం. ఉదాహరణకి గ్రోమాక్స్‌ని తీసుకున్నాను గానీ, ల్యామ్స్, క్వాంటమ్ ఎస్ప్రెసో లాంటి వేరే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లయినా పద్ధతి దాదాపు ఇదే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. సోర్స్ నుంచి కంపైల్ చేయడంలో, అంటే ప్రోగ్రామర్లు రాసిన కోడ్‌ని మన మెషీన్‌లో నడిచే ప్రోగ్రామ్‌గా మార్చుకోవడంలో, కమాండ్లు కష్టం కాదు, డజను దాకా ఉంటాయంతే. స్క్రీన్ మీద పరుగెత్తే అక్షరాల్లో ఏవి చదవాలి, ఏవి వదిలేయాలి అన్నదే అసలు పని. చాలామంది అసలు కంపైల్ జరిగే మేక్ దశలో కళ్లు పెట్టుకుని కూర్చుంటారు. చదవాల్సింది అంతకుముందు, మెషీన్‌ని గాలించి చూసే సీమేక్ దశలో.

కమాండ్లను ఇక్కడ ఫోన్లో చెప్పినట్టు తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మీరు టైప్ చేసేది మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట చెబుతాను.

అసలు సోర్స్ అవసరమా?

ఉబుంటులో "సూడో ఆప్ట్ ఇన్‌స్టాల్ గ్రోమాక్స్" అంటే నిమిషాల్లో వచ్చేస్తుంది. సూడో అంటే అడ్మిన్ హక్కులతో నడపమని, ఆప్ట్ అంటే ఉబుంటులో రెడీమేడ్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే ప్రోగ్రామ్. ట్యుటోరియల్ నేర్చుకోవడానికి, ఫైళ్లు అలవాటు చేసుకోవడానికి అది చాలు. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కర్లేదు.

తేడా సిమ్యులేషన్ మొదలయ్యాక తెలుస్తుంది. ఆ ప్యాకేజీ ఎవరి కంప్యూటర్లోనైనా నడవాలి కాబట్టి, పాత ప్రాసెసర్లకి కూడా తెలిసిన సూచనలతోనే దాన్ని కంపైల్ చేసి ఉంటారు. మీ ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 ఉండొచ్చు, ఒకే సూచనతో ఎనిమిది సంఖ్యల్ని ఒకేసారి లెక్కేయగలదు, ఇలాంటి వాటినే సిమ్‌డీ అంటారు. ప్యాకేజీకి ఆ సంగతి తెలియదు. ఈ తేడాను గ్రోమాక్సే లాగ్ ఫైల్లో చెబుతుంది: "నన్ను కంపైల్ చేసింది ఫలానా సిమ్‌డీ స్థాయికి, ఈ మెషీన్‌లో ఇంతకన్నా మంచిది వాడొచ్చు" అన్న అర్థంలో ఒక లైన్ ఉంటుంది. వారాల తరబడి నడిచే జాబ్‌కి ఆ లైన్ చిన్న విషయం కాదు. జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు వాడాలన్నా, మీ ల్యాబ్ వాళ్ల పేపర్లో ఉన్న వెర్షనే కచ్చితంగా కావాలన్నా, ప్లూమెడ్ లాంటి అదనపు కోడ్‌ని ప్యాచ్‌గా కలపాలన్నా సోర్సే దారి.

ముందు ఇల్లు సర్దుకోండి

విండోస్ ల్యాప్‌టాప్ అయితే విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్2లో ఉబుంటు వేసుకోండి. అందులో పని చేసేటప్పుడు సీ డ్రైవ్ ఫోల్డర్లలో, అంటే /ఎమ్ఎన్‌టీ/సీ కింద కంపైల్ చేయకండి. అక్కడ ఫైలు తెరవడం, మూయడం బాగా నెమ్మది, కంపైలర్ చేసే పనేమో వేల ఫైళ్లు తెరిచి మూయడమే. లినక్స్ వైపు మీ హోమ్ ఫోల్డర్లోనే పెట్టుకోండి. ఫోల్డర్ పేర్లలో ఖాళీలు వద్దు. "న్యూ ఫోల్డర్" అని మధ్యలో స్పేస్ ఉంటే చాలా సాఫ్ట్‌వేర్ల బిల్డ్ అక్కడే తన్నేస్తుంది. డిస్క్‌లో ఐదారు జీబీ ఖాళీ ఉంచుకోండి.

పైథాన్ ప్యాకేజీలు వేసుకోవడానికి కోండా (లేదా దాని చిన్న రూపం మినీకోండా) వాడుతున్నారా? టెర్మినల్ లైన్ మొదట్లో బ్రాకెట్లో "బేస్" అని కనిపిస్తుంటే "కోండా డీయాక్టివేట్" కొట్టి అది పోయిందో లేదో చూసుకోండి. కోండా తన సొంత లైబ్రరీలు, ఒక్కోసారి సొంత కంపైలర్ కూడా దారిలో ముందు పెట్టుకుంటుంది. సీమేక్ వెతుకుతూ వెళ్లి సగం సామాను కోండా నుంచి, సగం సిస్టమ్ నుంచి తెస్తుంది. కంపైల్ అయిపోతుంది కూడా. నడిపేటప్పుడు ఏదో లైబ్రరీ వెర్షన్ సరిపోలేదని అర్థం కాని ఎర్రర్ వస్తుంది. అప్పుడు కారణం కోండా అని ఎవరికీ తట్టదు.

తర్వాత పనిముట్లు. "సూడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ సీమేక్" అంటే సీ, సీ++ కంపైలర్లు, మేక్, సీమేక్ వస్తాయి. బిల్డ్-ఎసెన్షియల్‌లో ఫోర్‌ట్రాన్ రాదు. గ్రోమాక్స్‌కి అక్కర్లేదు గానీ, క్వాంటమ్ ఎస్ప్రెసో వేసేవాళ్లు జీఫోర్‌ట్రాన్ విడిగా వేసుకోవాలి.

వెర్షన్లు సరిచూసుకోవడం ఇక్కడే. ఉబుంటు 22.04లో జీసీసీ (కంపైలర్) 11, సీమేక్ 3.22 వస్తాయి. 24.04లో జీసీసీ 13, సీమేక్ 3.28. గ్రోమాక్స్ 2024కి సీమేక్ 3.18.4 చాలు, 2025కి 3.28 కావాలి. అంటే 22.04 ఉన్నవాళ్లు 2025 వేద్దామనుకుంటే మొదటి నిమిషంలోనే ఆగిపోతారు. దానికోసం ఉబుంటు మొత్తం మార్చనక్కర్లేదు, "పిప్ ఇన్‌స్టాల్ సీమేక్" అని కొత్త సీమేక్ ఒక్కటే తెచ్చుకోవచ్చు. ఏ సాఫ్ట్‌వేర్‌కైనా ఆ వెర్షన్ ఇన్‌స్టాలేషన్ గైడ్‌లో కావాల్సినవేంటో రాసి ఉంటుంది. పాత వెర్షన్‌కి రాసిన యూట్యూబ్ వీడియో కన్నా ఆ ఒక్క పేజీ నయం.

సోర్స్ దించుకోవడం

గ్రోమాక్స్ అధికారిక సైట్ నుంచి సోర్స్ అంతా కట్టగట్టిన టార్ ఫైలు దించండి. పీజీ వైఫైలో అయితే "డబ్ల్యూగెట్ -సీ" వాడండి, మధ్యలో నెట్ పోయినా ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలవుతుంది. దిగాక "ఎమ్‌డీ5సమ్" కొట్టి డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన అంకెతో పోల్చండి. సగం దిగిన ఫైలు వల్ల వచ్చే ఎర్రర్లకు తలా తోకా ఉండవు.

"టార్ ఎక్స్ఎఫ్" అని ఫైలు పేరు ఇచ్చి విప్పండి. లోపలికి వెళ్లి "ఎమ్‌కేడిర్ బిల్డ్", ఆ తర్వాత "సీడీ బిల్డ్". ఇలా వేరే ఫోల్డర్లో కంపైల్ చేస్తే, తేడా వచ్చినప్పుడు ఆ ఒక్క ఫోల్డర్ తీసేసి మళ్లీ మొదలెట్టొచ్చు. సోర్స్ చెక్కుచెదరదు.

సీమేక్: ఇక్కడ ఆగి చదవాలి

పాత సాఫ్ట్‌వేర్లలో ఈ పని "./కాన్ఫిగర్" చేసేది, గ్రోమాక్స్‌లో సీమేక్ చేస్తుంది. రెండూ చేసేది ఒకటే: మీ మెషీన్ మొత్తం గాలించి, ఏ కంపైలర్ ఉంది, ఏ లైబ్రరీలు ఉన్నాయి, ప్రాసెసర్ ఏంటి అని తేల్చుకుని, దాన్నిబట్టి మేక్‌ఫైల్ రాస్తుంది.

బిల్డ్ ఫోల్డర్లో ఉండి "సీమేక్ .." అని కొట్టి, పక్కనే ఆప్షన్లు ఇవ్వాలి. ప్రతి ఆప్షన్ ముందు హైఫన్, దానికి అంటుకుని పెద్ద డీ. ఆప్షన్ పేర్లన్నీ పెద్ద అక్షరాలే. మనకి కావాల్సినవి మూడు.

మొదటిది సీమేక్_ఇన్‌స్టాల్_ప్రిఫిక్స్. దీనికి విలువగా మీ హోమ్‌లోని ఒక ఫోల్డర్ ఇవ్వండి, వెర్షన్ పేరుతో సహా: హోమ్ కింద సాఫ్ట్, దాని కింద గ్రోమాక్స్-2024 అన్నట్టు. ఇది ఇవ్వకపోతే /యూఎస్ఆర్/లోకల్ కిందికి వెళ్తుంది, దానికి సూడో కావాలి. సొంత ల్యాప్‌టాప్‌లో సూడో ఉన్నా నేను హోమ్‌లోనే పెట్టమంటాను. "మేక్ ఇన్‌స్టాల్"తో వేసిన దాన్ని ఆప్ట్ లెక్కలో పెట్టుకోదు, కాబట్టి తీసేయడం కూడా దానికి రాదు. హోమ్‌లో అయితే ఫోల్డర్ తీసేస్తే అన్‌ఇన్‌స్టాల్ అయిపోయినట్టే.

రెండోది జీఎంఎక్స్_బిల్డ్_ఓన్_ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ=ఆన్. దీని సంగతి కాసేపట్లో చెబుతాను. మూడోది రిగ్రెషన్‌టెస్ట్_డౌన్‌లోడ్=ఆన్, ఇది పరీక్షల కోసం. ఈ రెండింటికీ నెట్ ఉండాలి.

ఇప్పుడు స్క్రీన్ మీద వంద లైన్లు వస్తాయి. అన్నీ అక్కర్లేదు. పైన "కంపైలర్ ఐడెంటిఫికేషన్" అని ఉన్న లైన్ చూడండి, మీరు అనుకున్న జీసీసీ వెర్షనేనా? దాని దారి /యూఎస్ఆర్/బిన్ లోదేనా, మినీకోండా అని ఎక్కడైనా కనిపిస్తోందా? తర్వాత "డిటెక్టెడ్ బెస్ట్ సిమ్‌డీ" అన్న లైన్. అక్కడ ఏవీఎక్స్2_256 అనో ఏవీఎక్స్_512 అనో రావాలి. గత పదేళ్లలో కొన్న ల్యాప్‌టాప్‌కి ఎస్ఎస్ఈ2 అని వస్తే ఏదో తేడా ఉన్నట్టే. పనిని కోర్లకి పంచే ఓపెన్‌ఎంపీ దొరికిందో లేదో చూడండి, దొరక్కపోతే కోర్లన్నీ సరిగ్గా వాడుకోలేదు. చివర్లో "కాన్ఫిగరింగ్ డన్", "జనరేటింగ్ డన్" రావాలి.

ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే జూనియర్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. అణువుల మధ్య విద్యుత్ బలాల్ని లెక్కేయడానికి గ్రోమాక్స్‌కి ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ కావాలి. ఎమ్ఐటీలో పుట్టిన ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ ఆ పని చేసే లైబ్రరీ. కొంతమంది దీన్ని ముందే విడిగా కంపైల్ చేసుకుని వస్తారు. ఆ తర్వాత సీమేక్ "ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ దొరకలేదు" అంటుంది. ఫోల్డర్ చూపిస్తే అక్కడ ఫైలు ఉంది! "అన్నా, ఉన్నదాన్ని లేదంటోంది" అని వాట్సాప్‌లో ఫొటో వస్తుంది.

ఆ ఎర్రర్‌ని పూర్తిగా చదివితే జవాబు అందులోనే ఉంది. సరైన ప్రెసిషన్ (సంఖ్యల్ని ఎంత కచ్చితత్వంతో లెక్కేస్తుందో అది) ఉన్న లైబ్రరీ దొరకలేదంటోంది. మామూలు గ్రోమాక్స్ మిక్స్‌డ్ ప్రెసిషన్‌లో నడుస్తుంది, దానికి సింగిల్ ప్రెసిషన్ లైబ్రరీ కావాలి, ఆ ఫైలు పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటుంది: లిబ్‌ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ3ఎఫ్. ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూని ఏ ఆప్షనూ ఇవ్వకుండా కంపైల్ చేస్తే వచ్చేది డబుల్ ప్రెసిషన్, చివర ఎఫ్ ఉండదు. సింగిల్ కావాలంటే దాని కాన్ఫిగర్‌లో --ఎనేబుల్-ఫ్లోట్ ఇవ్వాలి. అదే ఎర్రర్ కిందనే నాలుగు దారులు కూడా చెబుతుంది: ప్రెసిషన్ మార్చుకో, వేరే ఎఫ్‌ఎఫ్‌టీ లైబ్రరీ ఎంచుకో, నన్నే ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ కట్టుకోనివ్వు, లేదా బాగా నెమ్మదిగా ఉండే లోపలి ఎఫ్‌ఎఫ్‌టీప్యాక్ వాడుకో. మూడోదే మనం పైన ఇచ్చిన ఆప్షన్.

ఆప్షన్లు మార్చి మళ్లీ సీమేక్ కొట్టినా పాత జవాబే వస్తోందా? సీమేక్ తను కనుక్కున్న సంగతులన్నీ సీమేక్‌క్యాష్ అనే ఫైల్లో దాచుకుంటుంది, రెండోసారి వెతకదు. ముఖ్యంగా కంపైలర్ మార్చినప్పుడు బిల్డ్ ఫోల్డర్ లోపలివన్నీ తుడిచేసి మొదటి నుంచి రండి. లేకపోతే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఎన్విడియా కార్డు ఉంటే జీఎంఎక్స్_జీపీయూ=క్యూడా అని కలపండి, క్యూడా అంటే ఆ కార్డుల మీద లెక్కలు నడపడానికి ఎన్విడియా ఇచ్చే సాఫ్ట్‌వేర్. ఇక్కడ ఒక చిన్న మోసం ఉంది. "ఎన్విడియా-ఎస్ఎమ్ఐ" పైన చూపించే క్యూడా వెర్షన్, మీ డ్రైవర్ ఎంతవరకు తట్టుకోగలదో చెప్పేది మాత్రమే. క్యూడాతో కంపైల్ చేయడానికి కావాల్సిన టూల్‌కిట్ వేశారో లేదో అది చెప్పదు. దానికి "ఎన్వీసీసీ --వెర్షన్" చూడాలి. "కమాండ్ నాట్ ఫౌండ్" వస్తే టూల్‌కిట్ లేదు, లేదా పాత్‌లో లేదు. ఇంకోటి, ప్రతి క్యూడా వెర్షన్‌కీ ఒక జీసీసీ గరిష్ఠ వెర్షన్ ఉంటుంది. అది దాటితే "అన్‌సపోర్టెడ్ గ్నూ వెర్షన్" అంటుంది, కొంచెం పాత జీసీసీ వేసుకుని సీమేక్‌కి దాన్ని చూపించాలి.

జీఎంఎక్స్_ఎంపీఐ=ఆన్ ల్యాప్‌టాప్‌లో అక్కర్లేదు. ఎంపీఐ ఒకే పనిని చాలా మెషీన్లకి పంచడానికి, ఒక్క మెషీన్‌కి గ్రోమాక్స్ లోపలి థ్రెడ్ ఎంపీఐ సరిపోతుంది.

మేక్: ఇక్కడ టీ తాగి రావచ్చు

"మేక్ -జె 4" అంటే నాలుగు ఫైళ్లు ఒకేసారి కంపైల్ చేయమని. ఎనిమిది కోర్లు ఉన్నాయి కదా అని -జె 8 పెట్టే ముందు ర్యామ్ చూసుకోండి. పెద్ద సీ++ ఫైలు ఒక్కోటి ఒక జీబీ దాకా తినగలదు. డబ్ల్యూఎస్ఎల్2 అయితే మామూలుగా మొత్తం ర్యామ్‌లో సగమే వాడుకుంటుంది, అంటే మీ 8 జీబీలో 4 మాత్రమే. క్రోమ్‌లో ఇరవై ట్యాబ్‌లు తెరిచి -జె 8 కొడితే "కిల్డ్ సిగ్నల్, సీసీ1ప్లస్" అని వచ్చి ఆగిపోతుంది. కోడ్‌లో తప్పేమీ లేదు, ర్యామ్ చాలక లినక్సే కంపైలర్ని చంపేసింది. -జె 2 పెట్టి మళ్లీ మేక్ కొట్టండి, ఆగిన చోటి నుంచే సాగుతుంది. అరగంట, పాత ల్యాప్‌టాప్ అయితే ఇంకా ఎక్కువే పడుతుంది. మే నెల సాయంత్రం వానకి కరెంటు పోయినా ఇదే లెక్క, అయిన ఫైళ్లు అయినట్టే ఉంటాయి.

మేక్ అవుట్‌పుట్‌ని ఫైల్లోకి కూడా పంపుకోవడం అలవాటు చేసుకోండి: "మేక్ -జె 4 2>&1 | టీ మేక్.లాగ్". ఇక్కడి టీ కమాండ్, తాగేది కాదు.

ఎర్రర్ వస్తే కింది నుంచి పైకి

నాకు వచ్చే స్క్రీన్‌షాట్లలో ఎప్పుడూ చివరి లైనే ఉంటుంది: "మేక్: స్టార్ స్టార్ స్టార్ ఎర్రర్ 2". దాన్నిబట్టి ఎవరూ ఏమీ చెప్పలేరు. లోపల ఏదో చెడింది, నేను ఆగిపోయాను అని మేక్ చెప్పుకోవడం అది. నాలుగు పనులు ఒకేసారి నడుస్తున్నాయి కాబట్టి, అసలు ఎర్రర్ తర్వాత కూడా మిగతా మూడూ కాసేపు తమ లైన్లు గుమ్మరిస్తాయి. అందుకే మేక్.లాగ్ తెరిచి "ఎర్రర్" పక్కన కోలన్ ఉన్న మొట్టమొదటి చోటుకి వెళ్లండి. దొరక్కపోతే -జె 1తో మళ్లీ కొట్టండి, అప్పుడు అసలు ఎర్రర్ చివర్లోనే కనిపిస్తుంది.

"నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని డాట్ హెచ్ ఫైలు పేరుతో వస్తే హెడర్ ఫైలు (లైబ్రరీలో ఏమున్నాయో కంపైలర్‌కి చెప్పేది) లేదు. లైబ్రరీ ఉండొచ్చు, కానీ ఉబుంటు హెడర్లని వేరే ప్యాకేజీలో పెడుతుంది, దాని పేరు చివర -డెవ్ అని ఉంటుంది. అది వేసుకోండి. "కెనాట్ ఫైండ్ -ఎల్" అని లైబ్రరీ పేరుతో వస్తే కంపైల్ అయింది గానీ లింకు చేసేటప్పుడు, అంటే ముక్కలన్నీ కలిపి ప్రోగ్రామ్ కట్టేటప్పుడు, లైబ్రరీ దొరకలేదు. "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అంటే అడిగిన ఫంక్షన్ ఇచ్చిన లైబ్రరీల్లో ఎక్కడా దొరకలేదు: వెర్షన్ వేరు, లేదా కావాల్సిన లైబ్రరీ లింకు వరసలో లేదు. వార్నింగ్‌లు ఎన్ని వచ్చినా టెన్షన్ పడకండి, వాటిని రాసినవాళ్లకి వదిలేయండి.

కంపైల్ అంతా బాగానే అయి, నడిపేటప్పుడు "ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్" వస్తే అది వేరే రోగం. "ఎల్‌డీడీ" కమాండ్‌కి ఆ ప్రోగ్రామ్ పూర్తి దారి ఇస్తే ఏ లైబ్రరీని ఎక్కడి నుంచి తెచ్చుకుంటోందో వరసగా చూపిస్తుంది. "నాట్ ఫౌండ్" అని ఉన్నదాని ఫోల్డర్‌ని ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌లో కలపండి.

చెక్, ఇన్‌స్టాల్, సోర్స్

మేక్ అయ్యాక "మేక్ చెక్". ఇది వదిలేయాలనిపిస్తుంది, ఎందుకంటే అప్పటికే ఓపిక అయిపోయి ఉంటుంది. వదలకండి. ప్రోగ్రామ్ తెరుచుకోవడం వేరు, సరైన అంకె ఇవ్వడం వేరు. కంపైలర్ తేడా వల్ల తప్పు లెక్క వస్తే స్క్రీన్ మీద ఏ ఎర్రరూ కనిపించదు, థీసిస్‌లో కనిపిస్తుంది. టెస్ట్ ఫెయిలైతే ఏది, ఎందుకు అని చూడండి. టైమ్‌ఔట్ అని ఉంటే మెషీన్ నెమ్మదించి ఉంటుంది, మిగతావన్నీ మూసేసి మళ్లీ నడపండి. అంకెలు సరిపోలేదంటే మాత్రం ఆ బిల్డ్ వాడొద్దు.

తర్వాత "మేక్ ఇన్‌స్టాల్", సూడో లేకుండా. చివరగా మీరిచ్చిన ఫోల్డర్ కింద బిన్‌లో ఉన్న జీఎంఎక్స్‌ఆర్‌సీ ఫైల్ని "సోర్స్" అనే కమాండ్‌తో నడపండి, అప్పుడే ఆ టెర్మినల్‌కి గ్రోమాక్స్ ఎక్కడుందో తెలుస్తుంది. "విచ్ జీఎంఎక్స్" కొట్టి మీ ఫోల్డరే చూపిస్తోందా, ఆప్ట్‌తో ముందు వేసిన పాతదా అని చూసుకోండి. "జీఎంఎక్స్ --వెర్షన్" కొడితే ప్రెసిషన్, సిమ్‌డీ, ఎఫ్‌ఎఫ్‌టీ లైబ్రరీ, జీపీయూ అన్నీ చెబుతుంది.

ల్యాబ్ క్లస్టర్‌లో

చాలా కంప్యూటర్లని (నోడ్లని) కలిపి కట్టిన క్లస్టర్ మీద పని బెంగళూరులో ఉన్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఐఐఎస్సీలో 2022 నుంచి పరమ్ ప్రవేగ ఉంది, 3.3 పెటాఫ్లాప్స్ సూపర్ కంప్యూటర్. అంత పెద్దదైనా, మీ డిపార్ట్‌మెంట్ మూలనున్న నాలుగు నోడ్లదైనా నియమాలు ఒకటే.

సూడో ఉండదు, అడగొద్దు కూడా. ముందు "మాడ్యూల్ అవెయిల్" కొట్టి మాడ్యూళ్లు, అంటే అక్కడ ముందే కట్టి పెట్టిన సాఫ్ట్‌వేర్లు చూడండి, మీకు కావాల్సిన గ్రోమాక్స్ వెర్షన్ అడ్మిన్లు అక్కడి మెషీన్‌కి తగ్గట్టు కట్టి పెట్టే ఉండొచ్చు. లేకపోతే జీసీసీ, సీమేక్, ఎంపీఐ, ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ మాడ్యూళ్లు లోడ్ చేసుకుని పైన చెప్పినట్టే. ఇక్కడ జీఎంఎక్స్_ఎంపీఐ=ఆన్ పెట్టండి, అప్పుడు ప్రోగ్రామ్ పేరు జీఎంఎక్స్_ఎంపీఐ అవుతుంది. ఏ మాడ్యూళ్లతో కట్టారో అవే మాడ్యూళ్లు జాబ్ స్క్రిప్ట్‌లో కూడా లోడ్ చేయాలి.

లాగిన్ నోడ్‌లో, అంటే మీరు లాగిన్ అయ్యే మెషీన్‌లో -జె 32 పెట్టకండి. అది అందరూ వాడుకునేది. అడ్మిన్ నుంచి వచ్చే మెయిల్ మర్యాదగానే ఉంటుంది, కాకపోతే మీ గైడ్‌కి కాపీ ఉంటుంది. కనెక్షన్ తెగినా టెర్మినల్‌ని బతికించి ఉంచే టీమక్స్ తెరిచి అందులో పని చేయండి, పీజీలో నెట్ పోయినా అక్కడ పని ఆగదు.

అన్నిటికన్నా తికమక పెట్టేది ఇది: లాగిన్ నోడ్ ప్రాసెసర్, జాబ్ నడిచే కంప్యూట్ నోడ్ ప్రాసెసర్ ఒకటే కానక్కర్లేదు. లాగిన్ నోడ్ కొత్తదై ఏవీఎక్స్_512కి కంపైల్ అయితే, పాత కంప్యూట్ నోడ్‌లో జాబ్ మొదలైన క్షణమే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని చచ్చిపోతుంది. తిరగబడితే ఇంకా అన్యాయం, ఏ ఎర్రరూ రాదు, ఊరికే నెమ్మదిగా నడుస్తుంది. జాబ్‌లని వరసలో పెట్టి నడిపే స్లర్మ్ ఉంటే "ఎస్‌రన్ --పీటీవై బాష్" అని కంప్యూట్ నోడ్ మీదికే వెళ్లి అక్కడ కంపైల్ చేయండి, లేదా జీఎంఎక్స్_సిమ్‌డీ ఆప్షన్‌తో స్థాయిని మీరే చెప్పండి. కంప్యూట్ నోడ్లకి చాలాచోట్ల నెట్ ఉండదు. అందుకే అక్కడ ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూని మాడ్యూల్ నుంచి తీసుకోమన్నది. టెస్టుల ఫైలు కూడా ముందే దించి పెట్టుకోండి, రిగ్రెషన్‌టెస్ట్_పాత్ ఆప్షన్‌తో అది ఎక్కడుందో చూపించొచ్చు.

ఇన్‌స్టాల్ చేసిన ఫోల్డర్లోనే ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టి, అందులో మీరు కొట్టిన సీమేక్ లైన్ మొత్తం, మాడ్యూళ్ల జాబితా, "జీఎంఎక్స్ --వెర్షన్" అవుట్‌పుట్ అతికించండి. పేపర్‌కి మెథడ్స్ రాసేటప్పుడు అడిగేది అదే. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాతదాని మీద వేయకుండా పక్కన ఇంకో ఫోల్డర్లో వేయండి, జీఎంఎక్స్‌ఆర్‌సీని టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ నడిచే బాష్‌ఆర్‌సీలో శాశ్వతంగా పెట్టకుండా ఏ జాబ్‌కి ఏది కావాలో ఆ స్క్రిప్ట్‌లోనే సోర్స్ చేయండి. సగం రన్‌లు ఒక వెర్షన్‌లో, సగం ఇంకోదాంట్లో చేస్తే వైవా రోజున సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. పాత ఫోల్డర్ని థీసిస్ సబ్మిట్ అయ్యేదాకా తీసేయకండి.